కాగితం మీద తోటమాలి

మూడోసారి కూడా మిషన్ గురవయ్య వేలిని గుర్తుపట్టలేదు. ఆయన బొటనవేలిని ధోవతికి తుడిచి, చెయ్యి తల వెనక్కి పోనిచ్చి, జుట్టులో ఉన్న కాస్త నూనెను వేలికి రాసుకుని మళ్లీ అద్దం మీద ఆనించాడు. ఎర్ర దీపం వెలిగి మిషన్ కీచుమంది. ఆయన వెనక రూప తన వంతు కోసం నిలబడి ఉంది.

"ఆపరేటర్ సారుకు ఇయాల వేలు పడతలేదు," అన్నాడు గేటు పక్కన కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ ఎల్లస్వామి. "రాత్రంత కంప్యూటర్ కొట్టి కొట్టి అరిగినట్టున్నది."

"అరిగింది పారతోనిరా," అన్నాడు గురవయ్య వెనక్కి తిరగకుండానే. "నీ వేలు ఒక్కసారికే పడ్తది. పని జేస్తె గద అరిగేది."

రూప ముందుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకుని, వేలిని కొంచెం పక్కకు వంచి, గోటి దగ్గర మిగిలిన మెత్తని చోటు అద్దానికి తగిలేలా నొక్కింది. పచ్చ దీపం వెలిగింది. తెరమీద పేరు వచ్చింది: కె. గురవయ్య, కంప్యూటర్ ఆపరేటర్. తర్వాత ఆమె తన వేలు పెట్టింది. మొదటిసారికే పడింది. ఐ. రూప, గార్డెనర్.

తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున ఇదే వరస. మొదట్లో ఆ రెండు మాటలూ చూసి రూపకు నవ్వు వచ్చేది. తర్వాత కొన్నాళ్లు ఏడుపు వచ్చేది. ఇప్పుడు ఏదీ రాదు. బస్సు టిక్కెట్టు మీది అక్షరాల్లా అవి కంటి ముందు నుంచి జారిపోతాయి.

ఇందులో ఎవరి మోసమూ లేదు. యూనివర్సిటీ కట్టిన ఈ బండల నేల ఒకప్పుడు గురవయ్య గొర్లు మేపిన జాగా. అందులో కొంత ఆయన పట్టా భూమి కూడా. జాగా పోయిన వాళ్లకు ఇంటికొక కొలువు అన్నారు. స్వీపర్లు, మాలీలు, వాచ్‌మన్లు అన్నీ నిండి, గురవయ్య వంతు వచ్చేసరికి మిగిలింది ఒక్క కంప్యూటర్ ఆపరేటర్ పోస్టు. పేరు ఏదైతేనేం, పని తోటలోనే కదా అని అప్పటి అధికారి ఆయన్ను అందులో రాయించాడు. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు రూప తన ఎంసీఏ కాగితాలు పట్టుకుని వచ్చేనాటికి కంప్యూటర్ పోస్టు ఒక్కటీ లేదు. ఒక మాలీ పని మానేసి వెళ్లిపోవడంతో గార్డెనర్ పోస్టు మాత్రం ఖాళీగా ఉంది. "ముందుగాల లోపలికి రా అమ్మా. పేరు తర్వాత మార్పిస్త," అన్నాడు టెక్నాలజీ సెల్ చూసుకునే ప్రొఫెసర్ ప్రేమ్‌సాగర్. ఆ 'తర్వాత' అన్నది తొమ్మిదేళ్లు సాగింది. ఒకరి పేరు మారాలంటే ఇంకొకరి పేరు మారాలి. రెండూ కలిసి మారాలంటే అసలు మొదట ఎందుకిట్లా రాశారని ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. జవాబు చెప్పవలసిన వాళ్లంతా బదిలీ అయిపోయారు.

గేటు నుంచి సెల్ దాకా అర కిలోమీటరు నడక. ఇద్దరూ కలిసి నడిచారు. దారికి రెండు వైపులా గురవయ్య పెంచిన కానుగలు. మొరం నేలలో గడ్డపారతో గుంతలు తవ్వి, ఊరి నుంచి ఎర్రమట్టి మోసుకొచ్చి పోసి బతికించినవి. సగం దూరంలో ఆయన ఆగి, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

"ఏమైంది కాకా?"

"ఏం లేదు. రాత్రి పచ్చిపులుసు జర ఎక్కువ తాగిన."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఎప్పటిలాగే ఉంది. రెండు రోజులుగా గీయని గడ్డం, ఎండకు ముడతలు పడిన కళ్ల చివరలు. అడగవలసిన మాట వేరే ఉంది కాబట్టి ఆమె ఆ మాటే అడిగింది.

"మల్ల ఒక్కసారి అడుగుతున్న కాకా. రామమ్మ చిన్నమ్మకు చెప్పినవా?"

"చెప్పిన. ఏమంటది? ఇప్పటికన్న ఇంటికి రా, గొర్లు నిన్ను మర్సిపోతున్నయి అన్నది."

"పోస్టు పోతే మల్ల రాదు."

"నాకెందుకు బిడ్డ ఆ పోస్టు. ఇన్నేండ్ల సంది ఆపరేటర్ అని పిలిపిచ్చుకున్న, ఒక్క బటన్ ఒత్తిన పాపాన పోలే. నీదేమో నీకు లేకపాయె, నాది కానిది నా నెత్తి మీదున్నది." ఆయన అంగీ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "రేపటి సంది నువ్వు ఆపరేటర్, నేను గొర్ల కాపరి. కాగితం, మనిషి ఒక్కటైతరు. ఇగో, సంతకం పెట్టిన. వంకర పోలేదు సూడు."

రూప కాగితం విప్పింది. పది రోజుల కిందట తనే టైపు చేసి ఇచ్చిన రాజీనామా. కింద పేరు, ఒక్కో అక్షరం ఒక్కో రాయిలా పేర్చినట్టు ఉంది. ఆ అక్షరాలు నేర్పింది కూడా ఆమే. ఆపరేటర్ వేలిముద్ర వేస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరని ఎవరో అంటే, చేరిన కొత్తలో పదిహేను రోజులు మధ్యాహ్నం పూట ఆయనకు నేల మీద పుల్లతో పేరు రాయడం నేర్పింది. రకారం రావడానికి ఒక రోజు, యకారానికి నాలుగు రోజులు పట్టింది.

సాయంత్రం ఐదు గంటల లోపల ఆ కాగితం ఆఫీసులో ఇవ్వాలి. ఇన్నాళ్లూ మనుషుల్ని పంపే బయటి ఏజెన్సీ కింద ఉన్న కంప్యూటర్ పోస్టుల వాళ్లను యూనివర్సిటీ నేరుగా తన కాంట్రాక్టులోకి తీసుకుంటోంది. ఆ జాబితా ఈ రోజే హైదరాబాద్ పోతుంది. జాబితాలో ఆపరేటర్లు ఇద్దరే. మొబైల్ యాప్ చూసుకునే విజేందర్ ఒకడు, గురవయ్య ఒకడు. గురవయ్య ఈ రోజు రాజీనామా ఇస్తే, ఆ ఖాళీలో ఈ రోజే రూప పేరు రాసి పంపవచ్చు. ప్రేమ్‌సాగర్ సార్ దానికి నోటు తయారు చేసి పెట్టుకున్నాడు. రేపటికైతే దారి మూసుకుంటుంది. గార్డెనర్లు మాత్రం ఏజెన్సీలోనే ఉంటారు, ఏజెన్సీ ఉంచినన్నాళ్లు.

ఆమె కాగితాన్ని బ్యాగులో పుస్తకం మధ్యన పెట్టుకుంది. గురవయ్య పంపు గది వైపు మళ్లాడు. నాలుగడుగులు వేసి, "ఇయ్యి ఇయ్యి, సోచాయించకు," అన్నాడు.

*

టెక్నాలజీ సెల్ ఒకప్పుడు జవాబు పత్రాల కట్టలు పడేసిన గది. కిటికీ లేదు. ఏసీ ఉంది గానీ అది మనుషుల కోసం కాదు, మూల అరలో గుయ్యిమనే సర్వర్ల కోసం. మే నెలలో కూడా రూప స్వెట్టర్ వేసుకుని కూర్చుంటుంది. తలుపు కార్డుతో తెరుచుకుంటుంది. రూప కార్డుకు తెరుచుకోదు. ఆమె కార్డు తోట, నర్సరీ, పంపు గదులకు మాత్రమే. ఆ తలుపులకు తాళాలే తప్ప మిషన్లు లేవు. అందుకని రోజూ పొద్దున విజేందర్ వచ్చి తీసేదాకా ఆమె బయట నిలబడుతుంది. లోపలికి వెళ్లాక మళ్లీ బయటికి రావాలంటే లోపల ఇంకొకరు ఉండాలి, లేకపోతే తిరిగి లోపలికి రావడం కుదరదు. అందుకే ఆమె నీళ్లు తక్కువ తాగుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే సార్ ఇంకో నోటు రాస్తాడు, అది ఇంకో టేబుల్ మీద పడుకుంటుంది.

ఆ గదిలో కూర్చునే ఆమె యూనివర్సిటీ వెబ్‌సైట్ మొత్తాన్ని రెండుసార్లు కట్టింది. హాల్‌టికెట్లు, ఫీజులు, ఫలితాలు, ఉద్యోగుల ఫారాలు, హాస్టల్ మెనూ దాకా. వీటన్నిటికంటే ఆమెకు ఇష్టమైన పని వేరొకటి ఉంది. పాత ఆఫీసు ఫాంట్లలో టైపు చేసిన తెలుగు కొత్త ఫోన్లలో తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. ఆ గీతల్ని మామూలు తెలుగు అక్షరాలుగా మార్చే చిన్న ప్రోగ్రాం ఆమె రాసింది. ఒక్కో గుణింతం, ఒక్కో ఒత్తు దగ్గర కూర్చుని, ఏది దేనికి సరిపోతుందో చూసుకుంటూ మూడేళ్లు రాసింది. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు అని బహిరంగంగా పెట్టింది. గార్డెనర్లకు యూనివర్సిటీ మెయిల్ ఇవ్వరు కాబట్టి సెల్ ఉమ్మడి పేరుతోనే పెట్టింది. ఎక్కడెక్కడి నుంచో జాబులు వస్తాయి. ఒక గ్రంథాలయం వాళ్లు రాశారు, ఒక పంచాయతీ కార్యదర్శి రాశాడు. అందరూ "ఈ ప్రోగ్రాం రాసిన సార్‌కు" అనే మొదలుపెడతారు. ఆమె జవాబు రాస్తుంది. చివర "టెక్నాలజీ సెల్" అని ముగిస్తుంది.

సెల్ వెబ్ పేజీలో బృందం ఫొటోలు ఉన్నాయి. ప్రేమ్‌సాగర్ సార్, విజేందర్, తెల్ల అంగీలో బిగదీసుకుని నిలబడ్డ గురవయ్య. రికార్డు ప్రకారం ఉండాలి కాబట్టి ఆ ఫొటో తీసింది, పెట్టింది రూపే. గార్డెనర్ల పేర్లు అక్కడ ఉండవు.

ఈ రోజు డిగ్రీ ఫలితాలు. పదకొండింటికి విడుదల. పైన మీటింగ్ హాల్లో వైస్ చాన్సలర్ గారు పూలు చుట్టిన లాప్‌టాప్ మీద బటన్ నొక్కుతారు. ఆ బటన్ దేనికీ కలిపి లేదు. అది నొక్కితే తెరమీద పూల వాన కురుస్తుంది, అంతే. ఒకసారి అసలు బటన్ పెడితే, ఒక పెద్దమనిషి ఫొటో కోసం నాలుగుసార్లు నొక్కడంతో మొత్తం ఆగిపోయింది. అప్పటి నుంచి ఇదే పద్ధతి. పైన చప్పట్లు మొదలవగానే విజేందర్ ఫోన్ నుంచి రూపకు మిస్డ్ కాల్ వస్తుంది. రూప కింద ఫలితాలు వదులుతుంది.

పదిన్నరకు ప్రేమ్‌సాగర్ సార్ తలుపు సందులో తల పెట్టాడు. మంచి మనిషే. ఆమె కోసం రెండుసార్లు రిజిస్ట్రార్ దగ్గర మాటపడ్డాడు కూడా.

"రూపా, రెడీనా?"

"రెడీ సార్. సార్, ఆ లెటరు..."

"సంతకం పెట్టిండా? మంచిగైంది. ఫలితాలు కానీ, ఆ తర్వాత శ్రీదేవి మేడమ్‌కు ఇద్దువు. ఐదు దాకా టైమున్నది గద. ఇప్పుడు మాత్రం కుర్చీల నుంచి లేవకు. విజేందర్‌ను నేను పైకి తీస్కపోతున్న."

తలుపు మూసుకుంది. గదిలో ఆమె ఒక్కతే మిగిలింది.

పదకొండూ పదికి ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. ఆమె వదిలింది. నలభై వేల మంది పిల్లలు ఒకేసారి తలుపు తోసినట్టు సర్వర్ల గాలి చప్పుడు పెరిగింది. మొదటి రెండు నిమిషాలు సైట్ బాగానే నడిచి తర్వాత మొరాయించింది. మొబైల్ యాప్ ప్రతి పిల్లవాడి కోసం ఫలితాన్ని ఆగకుండా అడుగుతోంది, ఏడ్చే పసివాడు చంక దిగకుండా అడిగినట్టు. ఆమె యాప్ దారిని కొంతసేపు కట్టేసి, బొమ్మలూ రంగులూ లేని ఒట్టి పేజీ ఒకటి తెరిచి అందర్నీ అటు మళ్లించింది. ఈలోగా ఆమె సొంత ఫోన్ మోగడం మొదలైంది. వెబ్‌సైట్‌లో సాయం కోసం ఇచ్చిన నంబరు ఆమెదే.

"మేడమ్, నాది కనవడ్తలేదు. గుండ్రంగ తిరుగుతాంది," అంది ఒక అమ్మాయి. వెనక గాలి చప్పుడు, ఎక్కడో మేక అరుపు. "మా తాన సిగ్నల్ లేదు. గుట్టెక్కిన."

"నంబర్ చెప్పమ్మా."

అమ్మాయి చెప్పింది. రూప చూసింది. "పాసైనవు. అన్నిట్ల."

అటు నుంచి, "పాసైన," అని ఎవరికో కేకేయడం వినిపించింది. తర్వాత ఆ అమ్మాయి మెల్లగా, "మీ పేరేంది మేడమ్?" అని అడిగింది.

"యూనివర్సిటీ నుంచి అమ్మా," అంది రూప. పెట్టేసింది.

ఒంటిగంట అయింది. రోజూ ఆ వేళకు గురవయ్య తన కార్డుతో తలుపు తెరుచుకుని వస్తాడు. ఆ తలుపు తెరిచే హక్కు ఆయనకుంది మరి, పొద్దున మోటరు వేసే తొందరలో ఇటు రాలేడు గానీ. చేతిలో జామకాయో, కరివేపాకు రెమ్మలో తెచ్చి టేబుల్ చివర పెట్టి, చలికి భుజాలు ముడుచుకుని, "గీ గోదాముల ఎట్ల ఉంటున్నవ్ బిడ్డ," అని వెళ్లిపోతాడు. ఆ రెండు నిమిషాలు ఆయన్ను గదిలో కూర్చోబెట్టి ఆమె బయటికి వెళ్లి వస్తుంది. ఇవాళ కూడా ఆయన వస్తే కూర్చోబెట్టి, లెటర్ ఇచ్చి వద్దామనుకుంది. ఆయన రాలేదు. కాగితం ఇచ్చేశాక ఆయనకు కూడా మనసు తేలికపడి ఉంటుంది, ఎక్కడో నీడన కూర్చుని ఉంటాడు అనుకుంది.

నిజానికి ఆమె అప్పుడు లేచి వెళ్లి ఉండవచ్చు. తలుపు సందులో ఒక ఫైలు అడ్డం పెట్టి, పరుగున వెళ్లి, రెండు నిమిషాల్లో ఇచ్చి రావచ్చు. లేవలేదు. ఫలితాల ఒత్తిడి ఒక కారణం. ఇంకో కారణం ఆమెకే సరిగ్గా తెలియదు. బ్యాగులో ఆ కాగితం ఉందని గుర్తొచ్చినప్పుడల్లా ఎదుటివాడి పళ్లెంలోంచి ముద్ద తీసుకుంటున్నట్టు అనిపించింది. పళ్లెం తనదే. అయినా.

రామన్నపేట పక్క పల్లెలో తల్లి జానమ్మ నాట్లకు పోయి రూపను చదివించింది. బిడ్డ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, "యూనివర్సిటీల కంప్యూటర్లన్ని నా బిడ్డ చేతులనే ఉంటయి," అంటుంది. పోయినేడు ఆదాయం సర్టిఫికెట్ కోసం ఉద్యోగ ధ్రువపత్రం అవసరమై ఇంటికి తీసుకెళ్తే, చదవడం వచ్చిన పక్కింటి పిల్ల పైకి చదివింది. "గార్డెనర్ అంటే ఏందే?" అంది తల్లి. రూప చెప్పింది. జానమ్మ ఆ కాగితాన్ని మడిచి బిడ్డ చేతిలో పెట్టింది. తర్వాత, "నాట్లేసిన నాకు నీకు ఏం తేడా లేకపాయె," అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

*

మూడు దాటాక తలుపు తెరుచుకుంది. విజేందర్ లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, లైబ్రరీ మెట్ల కాడికి నీళ్లు పారుతున్నయి. పైపు బంద్ చేయలేదని పోయి చూసిన. కాకా కానుగ కింద పన్నడు. లేపితే లేస్తలేడు."

ఆమె ఫైలు అడ్డం పెట్టడం కూడా మరిచి బయటికి నడిచింది.

గురవయ్య పక్కకు తిరిగి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని పడుకున్నాడు. తువ్వాల మడిచి తల కింద పెట్టుకున్నాడు. చెప్పులు విడిచి పక్కన జతగా ఉంచాడు. నీళ్ల పైపు చెట్టు పాదు నింపి, గట్టు తెగి, దారి మీదుగా పారుతోంది. అప్పటిదాకా ఆ దారిన పోయిన వాళ్లంతా ఆయన నిద్రపోతున్నాడని నీళ్ల మీద నుంచి దాటి వెళ్లారు. రూప ఆయన భుజం పట్టుకుంది. చల్లగా లేదు, వెచ్చగానూ లేదు. చెట్టు బెరడులా ఉంది. ఆమె వంగి పైపు పట్టుకుని, చివర మడిచి నొక్కింది. నీళ్లు ఆగాయి. ఆ మడతను వదలకుండా అట్లాగే నిలబడింది.

అంబులెన్స్ వచ్చింది. నార్కట్‌పల్లి దవాఖానకు తీసుకెళ్లారు. అక్కడి నుంచి గంటలోపే ఫోన్ వచ్చింది. పోయి మూడు గంటలకు పైనే అయిందన్నారు. మధ్యలో రామమ్మ ఎవరిదో బండి మీద వచ్చింది. బక్క మనిషి. కొంగు నిండా గడ్డి పరకలు, మంద దగ్గరి నుంచి నేరుగా వచ్చినట్టుంది. ఏడవలేదు. చెట్టు కింద తడి మట్టిలో ఆయన పడుకున్న గుర్తును చూస్తూ నిలబడి, "పొద్దుగూకే యాల్లకు వస్తనన్నడు. ఇగ రేపటి సంది గొర్ల కాడికే అన్నడు," అంది. రూప ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత రామమ్మ అదే బండి మీద దవాఖానకు వెళ్లింది.

నాలుగున్నరకు శ్రీదేవి మేడమ్ కబురు పంపింది. ఉద్యోగుల ఫైళ్లన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. రూప వెళ్లేసరికి ఆమె ముందు ఇన్‌వర్డ్ రిజిస్టర్ తెరిచి ఉంది, పక్కన జాబితా, ప్రేమ్‌సాగర్ సార్ నోటు. శ్రీదేవి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"రూపా, పొద్దున ఆయన నీకు లెటర్ ఇచ్చిండని సార్ చెప్పిండు. ఇన్‌వర్డ్ ఇంకా క్లోజ్ చెయ్యలేదు. పొద్దున పదిన్నరకు వచ్చినట్టే ఎక్కిస్త. అబద్ధం గూడ కాదు. ఆయన బతికుండంగనే పెట్టిన సంతకం."

రూప చెయ్యి బ్యాగు మీదికి పోయింది.

"లేకుంటే ఏమైతదో తెల్సు గద. చనిపోయి ఖాళీ అయిన పోస్టు మన చేతిల ఉండదు. ఏజెన్సీకి పోతది. మల్ల వస్తదో రాదో. నీ కోసమే చెప్తున్న. తొమ్మిదేండ్ల సంది చూస్తున్న నిన్ను."

ఆ మాటల్లో దయ ఉంది. రూపకు అది తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. సర్వీసులో ఉండి చనిపోయిన వాళ్ల కుటుంబానికి వచ్చే సాయం కోసం ఆన్‌లైన్ ఫారం ఉంది. రెండేళ్ల కింద నిబంధనల కాగితం ముందు పెట్టుకుని ఆమే దాన్ని రాసింది. అందులో ఒక గడి రాజీనామా తేదీ. ఆ గడి నిండితే, ఆ తేదీ మరణించిన తేదీకి ముందైనా అదే రోజైనా, పేజీ ముందుకు కదలదు. "ఈ దరఖాస్తు అర్హమైనది కాదు" అని ఎర్రగా ఒక వరస వస్తుంది. ఆ వరసలో మాటలు కఠినంగా ఉన్నాయని సార్ అంటే, ఒక పూటంతా కూర్చుని వాటిని మెత్తబరిచింది కూడా. కదలని పేజీ మాత్రం కదలనిదే. ఆ ఎర్ర వరస ముందు రామమ్మ కూర్చుని ఉన్నట్టు ఆమెకు కనిపించింది. చదవడం రాదు కాబట్టి, ఏమొచ్చింది బిడ్డా అని అడుగుతున్నట్టు కూడా.

"ఇయ్యలేదు మేడమ్," అంది రూప.

"ఏంది?"

"లెటర్ ఇయ్యలేదు. సాయంత్రం సంతకం పెడ్తనన్నడు. పెట్టనే లేదు."

శ్రీదేవి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత రిజిస్టర్ మీద స్కేలు పెట్టి, ఆ రోజు చివరి నంబరు కింద అడ్డంగా గీత గీసింది. సార్ నోటును ఫైల్లోంచి తీసి సొరుగులో వేసింది. "సరే," అంది. "నీ ఇష్టం."

రూప బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. పొద్దుటి నుంచి ఆమె అక్కడికి రావడం అదే మొదలు. బ్యాగులోంచి కాగితం తీసింది. సంతకాన్ని ఇంకొకసారి చూడకుండా ముక్కలు చేసి తొట్టిలో వేసి నీళ్లు వదిలింది. గొట్టంలో గాలి గరగరలాడింది గానీ నీళ్లు రాలేదు. పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటరు సాయంత్రం నాలుగింటికి వేసేది గురవయ్యే. ముక్కలు తెల్లగా పైనే తేలాయి. ఆమె చెయ్యి ముంచి వాటిని ఒక్కొక్కటే ఏరి, పిండి, ముద్ద చేసి పిడికిట్లో పెట్టుకుని బయటికి వచ్చింది. వరండాలో చెత్తబుట్ట ఉంది. అందులో వేసి, పైన పాత హాల్‌టికెట్ల కాగితాలు కప్పింది.

మెట్ల దగ్గర ప్రేమ్‌సాగర్ సార్ ఎదురయ్యాడు. ఆయన మొహం వడలిపోయి ఉంది. ఫలితాల గురించి ఏదో మంచి మాట అనబోయి ఆగాడు.

"లెటర్ సంగతి మేడమ్ చెప్పింది. పోనీ. ఇంకో చాన్స్ వస్తది అమ్మా." కాసేపు నేల చూశాడు. "ఇంకొక మాట. నాకు చెప్పబుద్ధైతలేదు గాని, ఎస్టేట్ ఆఫీసర్ ఫోన్ చేసిండు. హాస్టళ్లల్ల నీళ్లు లేవు, మోటర్ ఎవరు చూస్తరని. రికార్డుల గార్డెనర్ ఎవరున్నరని చూస్తే నీ పేరే వచ్చింది. ఇంకో మనిషిని పెట్టేదాంక, పొద్దున మాపు, జర..."

"సరే సార్," అంది రూప.

ఎల్లస్వామి టార్చి, తాళంచెవి పట్టుకుని ఆమెతో పంపు గది దాకా వచ్చాడు. ఇంకా వెలుతురు ఉంది గానీ గదిలో చీకటి. పొద్దున మాటలు గుర్తొచ్చాయేమో, దారంతా తలవంచుకునే నడిచాడు. "ఆ ఎర్ర హ్యాండిల్ పైకి గుంజు. అగో, అది," అన్నాడు. ఆమె రెండు చేతులతో గుంజింది. నేల కింద ఎక్కడో మోటరు ఉలిక్కిపడి, తర్వాత ఒకే శ్రుతిలో మోగింది. గొట్టాల్లో నీళ్లు పైకి పోతున్న చప్పుడు వినిపించింది.

టార్చి వెలుగు గోడ మీది బండ అర మీద పడింది. పారలు, కొడవళ్లు, పైపు ముక్కలు కింద ఉన్నాయి. అర మీద ఒకటే ఉంది, ఎరువుల సంచి ముక్కలో చుట్టి, సుతిలితో కట్టి.

"గా మూట ఆయనదే," అన్నాడు ఎల్లస్వామి. "ఆపరేటర్ల కోసం ఎప్పుడో వచ్చినయట. ఆయన పేరు మీద రాసి చేతిల పెట్టిన్రు. వాపస్ తీసుకునేటోడు లేడు. నా పేరు మీదున్నది, పాడైతే నన్ను అడుగుతరని వారానికొకసారి ఇప్పి తుడిసి, మల్ల కట్టి పెట్టేటోడు."

రూప ముడి విప్పింది. లోపల కంప్యూటర్ కీబోర్డు. ఎవరూ ముట్టని నల్లని మీటల మీద తెల్లని అక్షరాలు అన్నీ ఉన్నాయి, ఎక్కడా దుమ్ము లేదు, వైరు కంపెనీ వాళ్లు చుట్టిన చుట్టలోనే ఉంది.